చనిపోయిన చోట తెల్ల సైకిల్ పెట్టాలా, వద్దా?

చైన్‌గార్డ్
అందరికీ నమస్కారం. మా గ్రూపులో తెల్లవారుజామున తొక్కే ఒకాయన్ని పోయిన నెల వెనకనుంచి వచ్చిన కారు గుద్దేసింది. అక్కడికక్కడే పోయారు. కేసు నడుస్తోంది కాబట్టి ఇంకేమీ రాయను. ఇప్పుడు గ్రూపులో కుర్రాళ్లు ఆ చోట తెల్ల రంగు వేసిన సైకిల్ ఒకటి స్తంభానికి కట్టేద్దాం అంటున్నారు. చాలా దేశాల్లో ఘోస్ట్ బైక్ అని పెడతారు కదా, అదే. సగం మంది సరేనన్నారు. మిగతావాళ్లకేమో మనసు ఒప్పడం లేదు, "రోజూ ఆ దారినే తొక్కాలి, రోజూ చావు మొహం చూడాలా" అంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు. దగ్గరనుంచి చూసినవాళ్లు, పెట్టినవాళ్లు ఉంటే చెప్పండి. పెట్టాక ఎన్నాళ్లుంటుంది, ఎవరు చూసుకుంటారు, ఎవరైనా పీకేస్తే ఏం చేస్తారు?

గేరు_లేనివాడు
సైకిల్‌కి సున్నం వేస్తే డ్రైవర్లకు బుద్ధొస్తుందా? రెండ్రోజులు ఫొటోలు, ఆ తర్వాత తుప్పు. ఆ ఖర్చేదో వాళ్లింటికి ఇవ్వండి.

పాత_హ్యాండిల్
చైన్‌గార్డ్ గారూ, ముందుగా మీ మిత్రుడికి నివాళి. మీ గ్రూపులో వచ్చిన తగాదా ఈ తెల్ల సైకిల్ పుట్టినప్పటినుంచీ ఉన్నదే. అందుకే కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను, ఓపిక పట్టండి.

2002లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జో స్లోటా అనే కళాకారుడు వీధుల్లో వదిలేసిన సైకిళ్లకు తెల్ల రంగు వేయడం మొదలుపెట్టాడు. దొంగలు చక్రాలూ సీటూ ఊడబెరుక్కుపోగా తాళంతోపాటు స్తంభానికి మిగిలిపోయే అస్థిపంజరాలు ఉంటాయే, వాటికి. ఎవరి చావుతోనూ దానికి సంబంధం లేదు, అదొక కళాప్రయోగం. మరుసటేడు సెయింట్ లూయిస్‌లో పాట్రిక్ వాన్ డెర్ టూయిన్ అనే ఆయన, సైకిల్ లేన్‌లో వెళ్తున్న మనిషిని ఒక కారు గుద్దడం కళ్లారా చూశాడు. పాత సైకిల్‌కి తెల్ల రంగు వేసి, "ఇక్కడ సైక్లిస్టును గుద్దారు" అని బోర్డు రాసి ఆ చోటే పెట్టాడు. దాన్ని చూసి బళ్లు నెమ్మదించడం గమనించి, స్నేహితులతో కలిసి ఊళ్లో ఇంకో 15 చోట్ల పెట్టాడు. వాటిలో కొన్నిటిని కావాలనే వంకరలు తిప్పి మరీ పెట్టారు, గుద్దితే ఏమవుతుందో కనబడాలని.

గమనించండి, బోర్డు మీద ఉన్నది "గుద్దారు" అనే. చనిపోయారని కాదు. బతికి బయటపడ్డవాళ్ల చోట్లకూ పెట్టారు. అంటే అది డ్రైవర్‌కి చేసిన హెచ్చరిక. 2004లో పిట్స్‌బర్గ్, 2005లో న్యూయార్క్, సియాటిల్, లండన్, అలా పాకుతూ 200కు పైగా ప్రాంతాలకు చేరేసరికి అది సమాధి పక్కన నిలబడే వస్తువైంది. పేరు, వయసు, తేదీ, పూలు వచ్చి చేరాయి. ఇప్పుడు ఒకే సైకిల్ డ్రైవర్‌తోనూ మాట్లాడాలి, ఇంటివాళ్లతోనూ మాట్లాడాలి. మీవాళ్లలో సగం మంది మొదటిది వింటున్నారు, మిగతా సగం రెండోది వింటున్నారు.

పిట్టగూడు
ఫ్రాన్సులో మోన్ వెంటూ కొండ మీద సైకిల్ రేసర్ టామ్ సింప్సన్ స్మారకం ఉంది కదా, తొక్కుకుంటూ వెళ్లేవాళ్లు అక్కడ నీళ్ల సీసాలు, టోపీలు వదిలి వెళ్తారు. అలాంటిదే ఇదీ.

పాత_హ్యాండిల్
కాదండీ. సింప్సన్ 1967 టూర్ ది ఫ్రాన్స్‌లో ఎండలో, ఒంట్లో ఆంఫెటమీన్లనే ఉత్తేజక మందులతో కొండెక్కుతూ కూలిపోయాడు. ఆయన్ని ఎవరూ గుద్దలేదు. అక్కడ ఆగేవాళ్లు ఒక వీరుణ్ని తలుచుకుంటారు. తెల్ల సైకిల్‌లో ఉన్న మనిషి పనికో బడికో వెళ్తున్నవాడు, ఎవరికీ తెలియనివాడు. న్యూయార్క్‌లో ఏటా స్మారక యాత్ర చేసేవాళ్లు, పత్రికల్లో పేరైనా రాకుండా పోయిన సైక్లిస్టులందరి కోసం విడిగా ఒక సైకిల్ పెట్టారు. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది.

రాత్రిలైటు
నేను ఇక్కడ రాయడం తక్కువ. ఈ విషయం కాబట్టి రాస్తున్నాను.

మా అన్నయ్య పోయాక స్నేహితులు వారం తిరక్కుండా తెల్ల సైకిల్ పెట్టేశారు. మమ్మల్ని అడగలేదు. ప్రేమతోనే పెట్టారు, అందులో అనుమానం లేదు. కానీ అమ్మ ఎక్కే బస్సు సరిగ్గా ఆ మలుపులోనే ఆగుతుంది. తనే వెళ్లి చూడడం వేరు, కిటికీలోంచి హఠాత్తుగా కొడుకు ఫొటో కనబడడం వేరు. వదినకు మాత్రం అది కావాలి. ఆసుపత్రిలో వదినను లోపలికి రానివ్వలేదు, చివరిచూపు సరిగ్గా దక్కలేదు. ఆ స్తంభం దగ్గరే తను ఏడవగలిగింది. ఒకే ఇంట్లో ఒకరికి మందు, ఇంకొకరికి పుండు. ఎవరిని కాదనాలి?

ఏడాది గడిచేసరికి ముందు చక్రం ఎవరో ఎత్తుకుపోయారు. ఫ్రేము మీద ఎవరో కోచింగ్ సెంటర్ పోస్టరు అంటించారు. పూలు కుళ్లిపోయాయి. పెట్టిన స్నేహితుల్లో ఒకరు ఊరు మారారు, ఇంకొకరికి పెళ్లయింది. వాళ్ల తప్పేమీ లేదు, బతుకు అలాగే ఉంటుంది. చివరికి మేమే వెళ్లి విప్పేసుకొచ్చాం. ఆ రోజు నాకు అన్నయ్య రెండోసారి పోయినట్టనిపించింది. అసలు పెట్టకపోయి ఉంటే విప్పే పనే ఉండేది కాదు కదా అని కోపం కూడా వచ్చింది.

కాబట్టి ఇంట్లో అడగండి. ఒక్కరిని అడిగి ఇంటివాళ్లు ఒప్పుకున్నారు అనుకోవద్దు, అందర్నీ అడగండి. ఎప్పుడు తీసేస్తారో పెట్టేరోజే చెప్పండి.

ఎదురుగాలి
రాత్రిలైటు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏం చెప్పాలో తెలియడం లేదు. రాసినందుకు థాంక్స్ అండీ.

గేరు_లేనివాడు
ఒక్క ప్రశ్న. చైన్‌గార్డ్ గారూ, మీ మిత్రుడు హెల్మెట్ పెట్టుకున్నారా?

ఎదురుగాలి
వెనకనుంచి కారొచ్చి గుద్దిందని మొదటి పోస్టులోనే రాశారు. అయినా ముందు అడిగేది ఇదే! కారు ఎంత వేగంతో వచ్చిందని అడగాలని మీకెందుకు తోచలేదు?

గేరు_లేనివాడు
అడగడం కూడా నేరమేనా? హెల్మెట్ ఉంటే బతికేవాడేమో అని నా ఉద్దేశం.

సాన_రాయి
సైకిల్ హెల్మెట్లను పరీక్షించేది సైకిల్ మీద కూర్చున్న ఎత్తునుంచి కిందపడితే తల ఎంత తట్టుకుంటుందో చూడడానికి. హైవే వేగంతో వచ్చే టన్నున్నర బరువుకు అది ఆన్సరు కాదు. నేను రోజూ పెట్టుకుంటాను, పెట్టుకోమనే చెబుతాను, కానీ ఇక్కడ ఆ ప్రశ్న...

నిర్వాహకుడు
హెల్మెట్ చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడే 40 పేజీలు నడిచింది. దీని తర్వాత దాని మీద వచ్చే పోస్టులు అటు మారుస్తాను. ఇక్కడ ఒక మనిషి పోయిన ఇంటివాళ్లు కూడా చదువుతున్నారని గుర్తుంచుకోండి.

స్టీరింగ్_సుబ్బు
నేను సైకిల్ తొక్కేవాణ్ని కాదు, లారీ నడుపుతాను. మా అబ్బాయి రేసు సైకిల్ కొనుక్కున్నప్పటినుంచీ ఇక్కడ చదువుతుంటాను. అవతలి పక్కనుంచి కూడా ఒక మాట వినండి.

తెల్ల సైకిల్ నాకు కనబడుతుంది. అబద్ధం చెప్పను, కనబడ్డప్పుడు కాలు బ్రేకు మీదికి వెళ్తుంది. కానీ ఆ మలుపులోనే. తర్వాతి మలుపులో ఏమీ ఉండదు, అప్పటికి మనసు లోడు మీదికో, ఫోన్ చేసే ఓనరు మీదికో పోతుంది. రోజూ అదే రూటైతే వారంలో అదీ స్తంభంలో కలిసిపోతుంది.

రెండోది. నా క్యాబిన్‌లోంచి ముందు బంపరు కింద, క్లీనర్ పక్క తలుపు కింద ఒక మనిషి సైకిల్‌తో సహా నిలబడ్డా నాకు కనబడడు. అద్దాలు ఎన్ని ఉన్నా సరే. సిగ్నల్ దగ్గర పక్కనుంచి దూరి ముందుకొచ్చి ఆగుతారు, నేను అటే తిప్పుతాను. తాగి నడిపేవాడు, ఫోన్ చూస్తూ నడిపేవాడు వేరు, వాళ్లను నేను వెనకేసుకురాను. కానీ ప్రతి తెల్ల సైకిల్ వెనకా ఒక హంతకుడున్నాడని రాస్తే నాలాంటివాడు రెండో లైను చదవడు.

ఇంకోటి, మలుపు మూలలో కట్టకండి. పూలు, బోర్డు, ఫొటో కలిసి సరిగ్గా నేను తల తిప్పి చూసే ఎత్తులో అడ్డొస్తాయి. దాని వెనకనుంచి ఇంకో సైకిలొస్తే?

మలుపుల_ఇంజనీరు
సుబ్బుగారు చెప్పినది అక్షరాలా నిజం, అందులో ఒక్కటి మాత్రం డ్రైవర్ చేతిలో లేదు. క్యాబిన్ ఎంత ఎత్తులో ఉండాలి, కిటికీ ఎంత కిందికి దిగాలి అన్నది లారీ తయారుచేసేవాడు నిర్ణయిస్తాడు. లండన్‌లో 2021 నుంచి 12 టన్నులు దాటిన లారీలకు, అద్దాల సాయం లేకుండా డ్రైవర్‌కి నేరుగా ఎంత కనబడుతుందో కొలిచి నక్షత్రాలు ఇస్తున్నారు. తక్కువ వస్తే అదనపు కెమెరాలు, సెన్సర్లు పెట్టించుకుంటే గానీ నగరంలోకి పర్మిట్ రాదు. 2024లో ఆ గీత ఇంకా పైకి జరిపారు.

తెల్ల సైకిల్ పనిచేస్తుందా అన్నదానికి నేరుగా జవాబు చెప్పగల పరిశోధన కెనడాలోని కాల్గరీలో జరిగింది. సైకిళ్లతో కాదు, మామూలు రోడ్డు పక్క స్మారకాల నమూనాలతో. అవి పెట్టిన కూడళ్లలో ఆ తర్వాతి ఆరు వారాల్లో ఎర్ర లైటు దాటడం 16.7 శాతం తగ్గింది, పోల్చడానికి ఏమీ పెట్టకుండా వదిలిన కూడళ్లలో దాదాపు అంతే శాతం పెరిగింది. అదే పరిశోధకులు సిగ్నళ్లు లేని ఫ్రీవే మీద పెట్టి చూస్తే బళ్ల వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆగి చూసే వ్యవధి ఉన్నచోట స్మారకం మాట్లాడుతుంది, దూసుకుపోయే చోట మాట్లాడదు. మీ మిత్రుడు పోయింది తిన్నటి రోడ్డు మీదైతే, చైన్‌గార్డ్ గారూ, డ్రైవర్ల కోసమని పెట్టకండి. మీ కోసం, ఇంటివాళ్ల కోసం అయితే పెట్టండి.

తిన్నటి రోడ్డులో వెనకనుంచి గుద్దడానికి మందు వేగం తగ్గించడం, లేదా దారి విడగొట్టడం. గీత గీసి సైకిల్ బొమ్మ వేస్తే చాలదు, మధ్యలో కట్టయినా దిమ్మలైనా ఉండాలి. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రపంచం మొత్తంమీద ఏడాదికి 11.9 లక్షల మంది రోడ్ల మీద పోతున్నారు, అందులో సైక్లిస్టులు 6 శాతం. ఒక్కొక్కరికీ ఒక్కో తెల్ల సైకిల్ పెట్టుకుంటూ పోతే ఏడాదికి డెబ్బై వేలు కావాలి.

గేరు_లేనివాడు
డెబ్బై వేలు పెడితే అప్పుడు కనబడతాయేమో లెండి.

ఎదురుగాలి
ఈసారి గేరు_లేనివాడితో ఏకీభవిస్తున్నాను, రాసిపెట్టుకోండి.

నిజంగానే అలాంటిది ఒకసారి జరిగింది. వాషింగ్టన్‌లో డుపాంట్ సర్కిల్ దగ్గర 2008లో 22 ఏళ్ల అమ్మాయిని చెత్త లారీ తొక్కేసింది. తెల్ల సైకిల్ పెట్టారు. మరుసటేడు నగర సిబ్బంది దాన్ని తీసేశారు. కొద్దిరోజులకే ఆ కూడలిలో ఉన్న దీపస్తంభాలకు ఒక్కసారిగా 22 తెల్ల సైకిళ్లు ప్రత్యక్షమయ్యాయి. ఒకటి ఉంటే ఓర్చుకోలేని అధికారులకు అదీ జవాబు. న్యూయార్క్‌లోనూ 2010లో పారిశుద్ధ్య శాఖ వీటిని వదిలేసిన పాత సైకిళ్ల లెక్కన తొలగిస్తామని నిబంధన తేబోయింది. కుటుంబాలు వెళ్లి నిలదీస్తే వెనక్కి తగ్గి మినహాయించింది.

అయితే నా ఓటు వస్తువుకు కాదు, మనుషులకు. 2003లో డాలస్‌లో క్రిస్ ఫెలాన్ అనే ఆయన, బస్సు అద్దం తగిలి స్నేహితుడు పోయాక, సైకిళ్ల మీద మౌనయాత్ర మొదలుపెట్టాడు. ఏటా మే నెల మూడో బుధవారం ఎన్నో దేశాల్లో చేస్తున్నారు. గంటకు 20 కిలోమీటర్లు దాటకూడదు, నోరు విప్పకూడదు, అంతే. నేను ఒకసారి వెళ్లాను. హారన్ కొట్టినవాడికి కూడా ఎవరూ బదులివ్వలేదు. నాలాంటి వాగుడుకాయకు అది ఎంత కష్టమో చెప్పలేను. చాలా తొందరగా అలసిపోయాను, కాళ్లు కాదు.

మరీ పాత కథ కావాలంటే నెదర్లాండ్స్‌కి వెళ్లాలి. 1971లో అక్కడ రోడ్ల మీద మూడు వేలకు పైగా పోయారు, అందులో పిల్లలే 400 దాటారు. బిడ్డను పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడు 1972లో "పిల్లల హత్యలు ఆపండి" అని పత్రికలో రాశాడు. ఆ మాటే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులు, పిల్లలు వెళ్లి రోడ్లకు అడ్డంగా కూర్చున్నారు. ఇవాళ అందరూ నోరెళ్లబెట్టి చూసే అక్కడి సైకిల్ దారులు ఆకాశంనుంచి ఊడిపడలేదు.

పాత_హ్యాండిల్
అందుకే స్మారకంతో ఆగకూడదంటాను. న్యూయార్క్‌లో 2014లో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి, ఫొటోలు పట్టుకుని శాసనసభ్యుల గదుల చుట్టూ తిరిగాయి. అదే ఏడాది నవంబరులో నగరంలో మామూలు వేగపరిమితి గంటకు 30 మైళ్లనుంచి 25కి దిగింది. ఇటలీలో మికేలే స్కార్పోని, అక్కడి పెద్ద సైకిల్ రేసు జీరో ది ఇతాలియా గెలిచినవాడు, 2017లో ఇంటి దగ్గర సాధన చేస్తూ వ్యాను గుద్ది పోయాడు. అంతటివాడు పోయాక, కుటుంబం ఫౌండేషన్ పెట్టి అడిగాక కూడా, సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర ఎడం ఉండాలన్న మాట చట్టంలోకి రావడానికి 2024 దాకా పట్టింది. అందులోనూ "వీలైన చోట" అని తోక తగిలించారు. ఆ తోకను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాన_రాయి
పెట్టాలని తేలితే పని ఎలా చేయాలో నేను చెబుతాను. ఇలాంటివి తయారుచేయడంలో చెయ్యి కలిపాను.

పోయినవాళ్ల సైకిల్ వాడకండి. కేసులో అది సాక్ష్యం, ఇంటివాళ్లకు అదొక వస్తువు. ఎవరి అటకమీదో ఉన్న పనికిరాని సైకిల్ తీసుకోండి. చైను, గేర్లు, బ్రేకులు, కేబుళ్లు, పెడళ్లు అన్నీ విప్పేయండి. బరువు తగ్గుతుంది, రంగు వేయడం తేలికవుతుంది, అసలు సంగతి ఏంటంటే దొంగకు పనికొచ్చేది ఏదీ మిగలదు. రాత్రిలైటు గారు చెప్పిన ముందు చక్రం గొడవ రాకూడదంటే చేత్తోనే చక్రం ఊడదీసే క్విక్ రిలీజ్ తీసేసి నట్టుతో బిగించి, ఆ నట్టు అంచుల్ని సుత్తితో పాడుచేయండి. తుప్పు గీకి, ఎమెరీ పేపరు కొట్టి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే తెలుపు. టైర్లు, సీటు, హ్యాండిల్ గ్రిప్పులు కూడా తెల్లగా ఉండాలి, నల్ల టైర్లు వదిలేస్తే ఎవరో పార్క్ చేసిన సైకిల్ లాగే ఉంటుంది. ప్రైమర్ బద్ధకించారో, మొదటి వానకే పెచ్చులు లేస్తాయి.

కట్టేది దారి చూపే బోర్డు స్తంభానికైతే ఎవరూ ఊరుకోరు. కరెంటు స్తంభానికి కడితే లైన్‌మన్ ఎక్కాల్సి వచ్చినప్పుడు కోసి పారేస్తాడు, అది అతని తప్పూ కాదు. నడిచేవాళ్లకు, చక్రాల కుర్చీకి దారి వదలండి. సుబ్బుగారు చెప్పిన మూల సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు, మలుపుకు కాస్త ఇవతలే పెట్టాలి.

పిట్టగూడు
సైకిల్ కాకుండా వేరే పద్ధతులేమైనా ఉన్నాయా? మా ఇంట్లో అడిగితే తెల్ల సైకిల్ చూసి పిల్లలు జడుసుకుంటారన్నారు.

మలుపుల_ఇంజనీరు
ఉన్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో ప్రాణం పోయిన చోట నల్ల గుంజ, తీవ్రంగా దెబ్బలు తగిలిన చోట ఎర్ర గుంజ పాతారు, పేరు ఉండదు, ఫొటో ఉండదు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో 1953నుంచి మాజీ సైనికుల సంఘం చిన్న తెల్ల శిలువలు పెడుతోంది, ఒక్కో మరణానికి ఒకటి. ఒకే మలుపులో నాలుగైదు వరుసగా కనబడితే డ్రైవర్‌కి వేరే బోర్డు అక్కర్లేదు. వీటిలో నాకు నచ్చేది లెక్క. ఎవరు పోయారన్నది ఇంటి విషయం, ఇక్కడ ఎంతమంది పోయారన్నది రోడ్డు వేసినవాడి విషయం.

చైన్‌గార్డ్
అందరికీ చాలా థాంక్స్. రాత్రిలైటు గారు చెప్పినట్టే వాళ్లింటికి వెళ్లి అందరితో కూర్చుని మాట్లాడాం. ఆయన భార్య పెట్టమన్నారు, కానీ ఫొటో వద్దు, పేరు వద్దన్నారు. నాన్నగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఏడాది ఉంచి తీసేయండి, ఆలోపు పాడైతే ముందే తీసేయండి అన్నారు. పెద్దమ్మాయి మాత్రం నేను ఆ దారిన రాను అంది, దానికి మేమెవరమూ ఏమీ అనలేకపోయాం. ఆమె కాలేజీకి ఆ రోడ్డు తగలదట, అందుకే ముందుకెళ్తున్నాం.

ఇద్దరు బాధ్యత తీసుకున్నారు, నెలకోసారి చూసొస్తారు. ఇప్పుడు పలక మీద ఏం రాయాలన్నది మిగిలింది. కుర్రాళ్లు "నిర్లక్ష్యంగా నడిపి చంపారు" అని రాయాలంటున్నారు.

పాత_హ్యాండిల్
వద్దు. కేసు తేలకముందు అలా రాస్తే అవతలి లాయరు దాన్నే ఫొటో తీసి కోర్టులో చూపిస్తాడు. "ఇక్కడ ఒక సైక్లిస్టు చనిపోయారు", తేదీ, సమయం. సమయం తప్పకుండా రాయండి. తెల్లవారుజామున అని చదివినవాడు ఆ వేళలో అటు వస్తే చాలు, అంతకంటే పలకతో అయ్యేది లేదు.

స్టీరింగ్_సుబ్బు
అక్షరాలు పెద్దవిగా రాయండి. రెండు వరుసలు దాటితే బండిలోంచి చదవలేం.

మలుపుల_ఇంజనీరు
పలకతోపాటే రోడ్ల శాఖకు ఉత్తరం కూడా వెళ్లాలి. "చర్యలు తీసుకోవలసిందిగా" అని రాస్తే చర్యలు తీసుకున్నామని జవాబొస్తుంది. ప్రమాదం జరిగిన వేళకే వెళ్లి ఫొటోలు తీయండి, దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో రాసుకోండి. రోడ్డు వెడల్పు, అంచునుంచి గీత దాకా ఎంత ఉందో కొలవండి. అదే కిలోమీటరులో గత ఐదేళ్లలో నమోదైన ప్రమాదాల జాబితా అడగండి. ఏం కావాలో ఒక్కటే అడగండి, వేగం తగ్గించే ఏర్పాటో, విడి దారో. పది అడిగితే వాళ్లు అన్నిటికంటే చవకైనది ఎంచుకుంటారు, అది ఎప్పుడూ హెచ్చరిక బోర్డే.

చైన్‌గార్డ్
ఆదివారం కొలతలకు వెళ్తున్నాం. పెద్ద టేపు ఎవరి దగ్గరైనా ఉందా? మా దగ్గరున్నది ఐదు మీటర్లదే.

గేరు_లేనివాడు
నా దగ్గర ముప్పై మీటర్లది ఉంది. ఎన్నింటికి రావాలో మెసేజ్ పెట్టండి.